బోదె దాటిన జీపు

ఇరవై యేళ్ళుగా విజయవాడలో కాపురం వుంటూ, కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకుంటున్నాను గాని, మొన్న మొన్నటి దాకా ఆటోనగర్ గడప తొక్కిన పాపాన పోలేదు. నా స్కూటరుకి వచ్చే రోగాలన్నీ మా వీధి చివర వేపచెట్టు కిందనే నయమైపోతూ వుంటాయి. అంతకు మించిన వాహనయోగం నా జాతకంలో లేదు. అటువంటి నన్ను ఓ ఆదివారం ప్రొద్దున్నే మా అక్కయ్య ఫోను చేసి ఆటోనగర్‌కి తరిమింది.

"ఒరే తమ్ముడూ, నీ మేనల్లుడు వాళ్ళ తాతగారి జీపుని అక్కడెక్కడో షెడ్డులో ముక్కలు ముక్కలుగా విప్పి పడేశాడట. ఇంజనీరింగు చదివించింది ఇందుకా? హైదరాబాదులో ఉద్యోగం ఇస్తామన్న వాళ్ళని రెండు నెలలు గడువడిగాడు. నువ్వు వెళ్ళి కాస్త మందలించు. నీ మాటైతే వింటాడు" అంది.

నా మాట మా ఇంట్లోనే ఎవరూ వినరన్న సంగతి అక్కయ్యకి తెలియదు. పక్కనుంచి వింటున్న మా ఆవిడ మాత్రం, "ఆ బండి బాగైతే ఎక్కడికి వెళ్ళాలిట?" అని ఒకే ఒక ప్రశ్న వేసింది. జవాబు నా దగ్గర లేదు. సంచీ పుచ్చుకుని బయలుదేరాను.

బందరు రోడ్డు మీద పటమట దాటిన తరువాత వస్తుంది జవహర్ ఆటోనగర్. పేరుకి నగరంలో ఓ పేట గాని, లోపలికి అడుగు పెడితే అదో వేరే రాజ్యం. ఒక వీధి నిండా రేడియేటర్లు. ఇంకో వీధి నిండా కమాన్ కట్టలు. మరో వీధిలో లేతు మిషన్ల రొద. ఓ మూల కుర్రాడొకడు లారీ నుదుటి మీద తామరపువ్వు వేస్తూ, మధ్య మధ్య వెనక్కి జరిగి, రవివర్మ అంతటి వాడిలా తల వాల్చి చూసుకుంటున్నాడు. ఒకప్పుడు లారీ అంటే వట్టి చాసిస్, ఇంజను మాత్రమే ఫ్యాక్టరీ నుంచి వచ్చేవి. డ్రైవరు తలకి తువ్వాలు చుట్టుకుని, బల్లచెక్క మీద కూర్చుని, ఎండా వానా భరిస్తూ దాన్ని ఇక్కడి దాకా తోలుకొచ్చేవాడు. కొన్నాళ్ళకి ఆ అస్థిపంజరమే బొమ్మలూ గంటలూ రంగులూ వేసుకుని పెళ్ళికొడుకులా బయటికి వెళ్ళేది. ఇప్పుడు కంపెనీలే కాబిన్లు బిగించి పంపడం ఎక్కువైంది గాని, ఇక్కడి చేతులు మాత్రం ఖాళీగా లేవు.

నాలుగు షెడ్లు అడిగి అయిదో షెడ్డు దగ్గర మా వాణ్ణి పట్టుకున్నాను. పట్టుకున్నానంటే ముందు కనిపించినవి వాడి కాళ్ళు. మిగతా మనిషి జీపు కింద వున్నాడు. పైన మాత్రం జీపు ఏదీ? నాలుగు ఇనప స్టాండ్ల మీద రెండు పొడుగాటి ఉక్కు దూలాలు, వాటిని కలుపుతూ అడ్డపట్టీలు. నిచ్చెనని పడుకోబెట్టినట్టుగా వుంది. అదేనట చాసిస్.

"రండి మావయ్యా, సరిగ్గా సమయానికి వచ్చారు. ఈ దారం పట్టుకోండి" అన్నాడు మా వాడు, మందలించడానికి వచ్చిన నన్ను కూలీ కింద జమ కట్టి.

ఆ జీపు సంగతి కొంచెం చెప్పాలి. 1940ల చివరలో మహీంద్రావారు అమెరికా విల్లీస్ జీపుల భాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టారు. ఆ తరువాత ఇక్కడే తయారుచేశారు. ఇదీ ఆ వంశంలోదే. అక్కయ్య మామగారు 1974లో కొన్నది. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం కేవలం 80 అంగుళాలు. మనిషి చేతులు చాచి పడుకుంటే పట్టేంత. అవనిగడ్డ దగ్గర వాళ్ళ వూళ్ళో అది ఎరువులు మోసింది, పెళ్ళికూతుళ్ళని మోసింది, ఆస్పత్రికి రోగుల్ని మోసింది. ఆఖరికి గడ్డివాము పక్కన కోళ్ళకి నీడ అయింది.

"దీన్ని ఇప్పుడేం చేస్తున్నావురా?" అన్నాను, గొంతులో కాస్త పెద్దరికం తెచ్చుకుని.

"వెనక కమాన్ కట్టలు తీసేసి లింకులు పెడుతున్నాను మావయ్యా."

నాకు అర్థం కాలేదని వాడికి అర్థమైంది. షెడ్డు మేస్త్రి బీడీ ఆర్పి లేచి వచ్చాడు. అరవై యేళ్ళు దాటిన మనిషి. చేతులకి ఏ సబ్బుకీ వదలని నలుపు. "మేష్టారూ, ఇలా రండి" అని నన్ను పక్క షెడ్డుకి తీసుకెళ్ళి ఓ ట్రాక్టరు వెనక నిలబెట్టాడు.

"నాగలి దీనికి ఎలా తగులుకుంటుందో చూశారా? కింద రెండు చేతులు. పైన ఒకటి, టాప్ లింకు. నాగలి పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది. కాని ముందుకీ వెనక్కీ పోలేదు. పక్కలకి ఊగకుండా ఈ గొలుసులు పట్టుకుంటాయి. బాబు చేసేదీ ఇదే. నాగలి స్థానంలో ఇరుసు వుంటుంది, అంతే తేడా."

కృష్ణా జిల్లాలో పుట్టి పెరిగి ట్రాక్టరు చూడని వాడెవడు? చిన్నప్పటి నుంచీ చూస్తున్న ఆ మూడు చేతుల వెనక ఇంత సంగతి వుందని నాకు ఆ వేళే తెలిసింది. ఐర్లండులో పుట్టిన హారీ ఫెర్గుసన్ అనే మహానుభావుడు దానికి మూలపురుషుడు. 1936లో ఆ అమరికతో ట్రాక్టర్లు అమ్మకానికి వచ్చాయి. ఇవాళ ప్రపంచంలో ట్రాక్టర్లు చాలామట్టుకు దాన్నే అనుసరిస్తున్నాయి.

తిరిగి వచ్చాక మా వాడు పాఠం అందుకున్నాడు. కమాన్ కట్ట రెండు పనులు చేస్తుందట. బరువు మోస్తుంది, ఇరుసు అటూ ఇటూ పోకుండా పట్టుకుంటుంది. ఇంట్లో వంటా బజారు పనీ ఒకే మనిషి చేసినట్టు. ఖర్చు తక్కువ, మొండిగా పనిచేస్తుంది. కాని బరువు మోయడానికి బిరుసుగా వుండాలి. గోతిలోకి చక్రం దిగాలంటే మెత్తగా వుండాలి. రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయి? అందుకని పనులు విడగొట్టాలి. బరువు చుట్ట స్ప్రింగుల పని. ఇరుసుని పట్టుకోవడం కడ్డీల పని. ఆ కడ్డీలే లింకులు.

"ఇది కొత్త సంగతేమీ కాదు. 1970లో వచ్చిన రేంజ్ రోవరుకి అప్పుడే ఇరుసుల మీద చుట్ట స్ప్రింగులు పెట్టారు. 2020లో వచ్చిన థార్ వెనక ఇరుసుకి లింకులే. 2023లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన జిమ్నీకీ అంతే. అవన్నీ మొదటి నుంచీ అలా పుట్టినవి. దీన్ని మనం అలా మార్చాలి. ఇదివరకే వున్న చాసిస్‌లో, వున్న జాగాలో ఇరికించాలి. అదీ చిక్కు."

"అసలు మార్చడం ఎందుకురా?" అన్నాను.

మా వాడు చేతిలో దారం వదిలేశాడు. "తాతయ్య మీకు ఎప్పుడూ చెప్పలేదా?" అన్నాడు.

చెప్పలేదు. దివిసీమ మనుషులు ఆ సంగతి వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో పదివేలమంది దాకా పోయారని పుస్తకాల్లో చదువుకున్నాను. మా మేనల్లుడి తాతగారి చెల్లెలు కోడూరు అవతల సముద్రపు ఒడ్డు పల్లెలో కాపురం వుండేదని మాత్రం ఆ వేళే విన్నాను. తెల్లవారాక ఈ జీపు వేసుకుని ఆయన బయలుదేరాడు. కూలిన చెట్లు తప్పించుకుంటూ చేల మీద పడి వెళ్ళాడు. పల్లె ఇంకా మూడు మైళ్ళుందనగా, తెగిపోయిన ఓ బోదెకి అడ్డంగా జీపు చిక్కుకుంది. ముందు ఒక చక్రం, వెనక దానికి ఎదుటి మూల చక్రం గాలిలో వేలాడాయి. ఎంత గ్యాసు తొక్కినా ఆ రెండే గిర్రున తిరిగాయి. నేల మీద వున్న రెండూ కదలలేదు. ఆయన మిగతా దారి బురదలో నడిచి, ఈది, మర్నాటికి చేరాడు. అక్కడ ఇల్లుండే చోటు మాత్రం వుంది.

ఉప్పెన రాత్రే వచ్చి పోయింది. జీపు దాటినా చేసేదేమీ లేదని అందరూ చెప్పారు. ఆయనకీ తెలుసు. కాని నలభై యేళ్ళు పైబడిన తరువాత కూడా, ఆ జీపు మాట వస్తే, "అది బోదె దాటలేదురా" అంటాడట.

మందలింపు సంగతి మరచిపోయి దారం పట్టుకున్నాను.

ఆ తరువాత వరుసగా ఏడు ఆదివారాలు వెళ్ళాను. మా ఆవిడ మొదట కోప్పడి, తరువాత పులిహోర కట్టి ఇవ్వడం మొదలుపెట్టింది. అక్కడ నేను నేర్చుకున్నది నాకు తెలిసిన భాషలో చెబుతాను.

గోతిలో చక్రం గాలిలోకి లేస్తే ఎందుకు చిక్కుతుంది? ఇరుసు నడుమ డిఫరెన్షియల్ అనే పళ్ళచక్రాల పెట్టె వుంటుంది. మలుపులో లోపలి చక్రం మెల్లగా, బయటి చక్రం వడిగా తిరగడానికి దాన్ని పెట్టారు. దాని గుణం ఒకటే. తేలిగ్గా తిరిగే చక్రాన్నే తిప్పుతుంది. గాలిలో వున్న దానికంటె తేలిక ఏముంటుంది? కనుక చక్రం నేలని వదలకూడదు. నేల ఎంత కిందికి దిగితే చక్రమూ అంత కిందికి దిగాలి. పాత కమానులు అయిదంగుళాలు దిగేవి. మా వాడి కాగితం మీద పధ్నాలుగు అంగుళాలు.

కాగితం కాగితమే. చాసిస్ దగ్గరికి వచ్చేసరికి అసలు రంగు బయటపడింది. మేస్త్రి ఇనుము కోయనివ్వలేదు. ముందు ప్లాస్టిక్ గొట్టాలతో కడ్డీలు చేయించి, దారాలతో కట్టించి, జాకీతో ఇరుసుని ఎత్తీ దించీ చూపించాడు. కింది రెండు కడ్డీలతో తగవు లేదు. దూలాల కింద తిన్నగా పోయాయి. పై రెండూ ఇరుసు నడుమ నుంచి చెరో దూలానికీ విప్పిన కత్తెరలా పోవాలి. అలా ఏటవాలుగా వుంటేనే ఇరుసు పక్కలకి జరగకుండా ఆగుతుంది. కాని ఈ జీపుకి క్రౌను గుండు నడుమ లేదు, ఓ పక్కకి వుంది. అందుకని ఇరుసు మీద చిన్న ఇనప వంతెన కట్టి, దాని నడుమ కడ్డీలు తగిలించాలి. కుడి కడ్డీ చాసిస్‌ని అందుకోవలసిన చోట డ్రైవరు సీటు కింద పెట్రోలు ట్యాంకు. ఎడమ కడ్డీ దారిలో సైలెన్సరు గొట్టం. ఇరుసు పైకి లేచినప్పుడు ఆ వంతెన వెళ్ళి అడ్డపట్టీకి ఠక్కున కొట్టుకుంది.

"ఈ అడ్డపట్టీ కోసేద్దాం" అన్నాడు మా వాడు.

"కొయ్యం" అన్నాడు మేస్త్రి.

"ఇంకోచోట వేరే పట్టీ వేద్దాం."

"బాబూ, రెండు దూలాలనీ మెలి పడకుండా పట్టుకున్నది అది. వెన్నులో పూస తీసి నడుముకి బెల్టు కడతానంటావేం? మీ తాతగారి బండిలో ఇన్నేళ్ళకీ వంకర రానిది ఈ చాసిస్ ఒకటే. దీని జోలికి పోవద్దు. నీ కడ్డీలనే వొంచుకో."

ఆ వేళ మా వాడు నాతో మాట్లాడకుండా బస్సెక్కాడు. పై ఆదివారం వచ్చేటప్పటికి కొత్త కాగితం తెచ్చాడు. పై కడ్డీలు పొట్టివయ్యాయి, ట్యాంకుకి ఇవతలే ఆగాయి. సైలెన్సరు గొట్టం పక్కకి జరిగింది. వంతెన ఎత్తు తగ్గింది. దానికి మూల్యం లేకపోలేదు. పై కడ్డీ పొట్టిదైతే, ఇరుసు దిగినప్పుడు దాని తల ముందుకి వాలి, క్రౌను ముక్కు నేల చూపు చూస్తుంది. అసలే పొట్టి బండి, ఇంజను శక్తిని వెనక్కి తెచ్చే షాఫ్టు మరీ పొట్టి. ముక్కు కిందికి వాలేకొద్దీ షాఫ్టు జాయింటు దగ్గర వంపు పెరిగి, ఓ దశలో పట్టేస్తుంది. ఆ వంపు కొలిచి చూస్తే పధ్నాలుగు అంగుళాల కల తొమ్మిదికి దిగింది. అంతకు మించి దిగకుండా పట్టీ ఒకటి, పైకి మరీ లేవకుండా రబ్బరు దిమ్మెలు రెండు పెట్టారు. ముందు కమానుల జోలికి పోనే లేదు. అక్కడ స్టీరింగు కడ్డీలున్నాయి. ఇరుసు నడక మారితే వాటి నడకా మారాలి. అది ఇంకో మహాభారతం.

"పధ్నాలుగులో అయిదు పోయాయి" అన్నాడు మా వాడు దిగులుగా.

"అయిదు తొమ్మిదయింది అనవేం?" అన్నాడు మేస్త్రి.

నాకు క్లాసులో నా విద్యార్థులు గుర్తొచ్చారు. ఉత్పలమాల రాయమంటే, పదో అక్షరం దగ్గర యతి అడ్డొస్తోంది మేష్టారూ అని మొహం వేలాడేస్తారు. అడ్డొచ్చిందని యతిని కోసేసిన వాడు కవి కాలేడు. దాన్ని వుంచి, మాట మార్చుకుని, ఆ మార్పులో మొదటి దానికన్న మంచి మాట దొరికించుకున్నవాడే కవి. మా వాడి రెండో కాగితం మొదటి దాని కన్న మంచిదని నేను అనను. కాని అది ఈ జీపుదే. మొదటిది ఏ జీపుదీ కాదు.

ఇంకో రెండు విషయాల్లో మేస్త్రి మాటే నెగ్గింది. కడ్డీల కొసలకి ఉక్కు గుండు జాయింట్లు పెట్టాలని మా వాడి సరదా. పోటీ బండ్లకి అవే వాడతారట. "మీది సముద్రపు వూరు. ఉప్పు బురదా ఇసకా తింటే అవి గలగలమంటాయి" అని మేస్త్రి లావాటి రబ్బరు బుష్షులు పెట్టించాడు. రెండోది బెజ్జాల సంగతి. పై కడ్డీనీ కింది కడ్డీనీ పక్కనుంచి చూసి, వాటి గీతల్ని ముందుకి పొడిగిస్తే ఎక్కడో ఒకచోట కలుస్తాయి. ఆ వూహాబిందువుని కీలుగా చేసుకునే ఇరుసు బండిని ముందుకి నెడుతుంది. ఆ బిందువు దగ్గరగా, ఎత్తుగా వుంటే, గ్యాసు తొక్కగానే బండి వెనక భాగాన్ని కడ్డీలు పైకి తన్నుతాయి. దూరంగా, పల్లంగా వుంటే వెనక భాగం కూలబడుతుంది. మా వాడు మూడు రాత్రులు లెక్క కట్టి ఆ బిందువుని స్థిరపరచాడు. మేస్త్రి లెక్క అంతా విని, "చాసిస్ వైపు పట్టీకి ఒక బెజ్జం కాదు బాబూ, ఒకదాని మీద ఒకటి మూడు కొట్టు. లెక్క నీదే గాని నేల నీది కాదు" అన్నాడు.

బండి తయారైంది. ఇక తోలుకుంటూ దివిసీమ వెళ్ళడమే అనుకున్నాను. వీల్లేదట! మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను వుంది. రిజిస్ట్రేషను పత్రంలో వున్న వివరాలకి, కంపెనీవారు మొదట నిర్దేశించిన దానికి భిన్నంగా బండిని మార్చి రోడ్డు మీద తిప్పరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. నలుగురు నడిచే దారిలో, ఎవరో ఓ షెడ్డులో అతికిన బండి చక్రం వూడితే ఏమవుతుంది? చట్టం సబబే. కనుక ఇది సొంత పొలంలోనూ, పోటీలకని విడిగా ఏర్పరచిన మైదానాల్లోనూ తిరగవలసిన బండి. ఎక్కడికైనా వెళ్ళగలదని చెప్పిన జీపు, ఓ జూలై ప్రొద్దున చిన్న లారీ ఎక్కి, తాళ్ళతో కట్టించుకుని మరీ బయలుదేరింది.

మేము కరకట్ట దారి పట్టాము. విజయవాడ నుంచి కృష్ణ ఎడమగట్టు వెంట దిగువకి పోయే ఈ దారి అందం, బస్సులో బందరు రోడ్డున పోయేవాళ్ళకి తెలియదు. కుడివైపు నది, ఇసక తిన్నెలు, రెల్లుపొదలు. ఎడమవైపు అరటితోటలు, చెరుకు, పసుపు, ఆ వెనక కనుచూపు మేరా వరిచేలు. వెనక్కి తిరిగి చూస్తే ఇంద్రకీలాద్రి మెల్లగా చిన్నదైపోతుంది. ఈ పచ్చదనమంతా బెజవాడ దగ్గర కట్టిన కట్టుబాటు ఫలం. 1855 నాటికి అక్కడ ఆనకట్ట పూర్తయింది. 1952లో అది తెగితే, దాని స్థానంలో కట్టిన ప్రకాశం బారేజీ 1957 నుంచి పనిచేస్తోంది. నది తన ఇష్టం వచ్చినట్టు పోతే ఒక ఏడు కరువు, ఒక ఏడు ముంపు. ఆ బారేజీ కూడా 2024 సెప్టెంబరు మొదట్లో 11.43 లక్షల క్యూసెక్కుల వరద చూసింది. అదే రోజుల్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగితే, మా కాలేజీ పిల్లలు కొందరు మేడల మీద రెండు రోజులు గడిపారు. వాళ్ళని బయటికి తెచ్చినవి పడవలూ ట్రాక్టర్లూ.

తోట్లవల్లూరు దాటి శ్రీకాకుళం చేరాము. ఆంధ్ర మహావిష్ణువు గుడి దగ్గర ఆగకుండా వెళ్ళడం తెలుగు మేష్టారుకి ధర్మం కాదు. కృష్ణదేవరాయలకి ఇక్కడే స్వామి కలలో కనిపించి తెలుగులో కావ్యం చెప్పమన్నాడని ఐతిహ్యం. ఆ కావ్యం ఆముక్తమాల్యద. లారీ డ్రైవరు కూడా వచ్చి దణ్ణం పెట్టుకుని, "ఇది మనకి బీమా సార్" అన్నాడు. మోపిదేవిలో సుబ్రహ్మణ్యస్వామికి మరో దణ్ణం. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలవుతుంది. ఆ రెండు పాయలకీ సముద్రానికీ నడుమ వున్న నేలే దివిసీమ.

అవనిగడ్డలో పెద్దాయనని ఎక్కించుకున్నాము. డెబ్బై ఎనిమిదేళ్ళు. మడతనలగని పంచె, చేతికర్ర. లారీ మీద వున్న జీపుని చూసి, "దీన్ని పెళ్ళికూతుర్ని చేసి పల్లకీలో తెచ్చారా?" అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు.

కోడూరు దాటి, హంసలదీవి వైపు పోయే దారిలో వాళ్ళకి కొంత చవుడు నేల వుంది. పంట పండదు. ఉప్పుగాలికి గడ్డి కూడా సగం మనసుతో మొలుస్తుంది. వెనక సముద్రం వినిపిస్తూ వుంటుంది, కనిపించదు. ఆ నేలకి అడ్డంగా పాత బోదె ఒకటి వుంది. ఒకచోట గట్టు ఏటవాలుగా విరిగి, ఎదురెదురు మూలలు పల్లమై వున్నాయి. అచ్చంగా ఆనాటి లాంటి చోటు కావాలని మా వాడు ముందే వచ్చి చూసి పెట్టుకున్నాడు. తాతగారితో మాత్రం చెప్పలేదు. చెప్పనక్కరలేకపోయింది. ఆ చోటు చూడగానే ఆయన కర్ర మీద రెండు చేతులూ ఆన్చి నిలబడిపోయాడు.

మొదటిసారి జీపు దిగడం బాగానే దిగింది. వెనక కుడి చక్రం పల్లంలోకి చెయ్యి చాచినట్టు దిగి నేలని అందుకుంది. కాని అవతలి గట్టు ఎక్కబోయేసరికి, గ్యాసు తొక్కగానే వెనక భాగం దడదడమని ఎగిరింది. మళ్ళీ తొక్కాడు. మళ్ళీ ఎగిరింది. చక్రాలు నేలని వదిలి పడుతూ, బంకమట్టిలో గోతులు తవ్వుకున్నాయి. మా వాడి మొహం పాలిపోయింది. జీపుని వెనక్కి తీసుకొచ్చి దిగి, ఏమీ మాట్లాడకుండా చక్రం పక్కన కూర్చున్నాడు.

"తన్నుతోందిరా" అన్నాడు పెద్దాయన.

"అవును తాతయ్యా."

"మేస్త్రికి ఫోను చెయ్యి" అన్నాను నేను, నాకు తెలిసిన ఒకే ఒక వైద్యం.

చెయ్యనక్కరలేదట. మేస్త్రి కొట్టించిన మూడు బెజ్జాలు వున్నాయి గదా! మా వాడు పానాలు తీసుకుని కిందికి దూరాడు. చాసిస్ వైపు పై కడ్డీల బోల్టులు నడిమి బెజ్జం నుంచి పై బెజ్జానికి మార్చాడు. దానితో ఆ గీతలు కలిసే బిందువు ముందుకి జరుగుతుంది, తన్ను తగ్గుతుంది. అరగంట పట్టింది. నేను పానాలు అందించాను. ఈ వయసులో ఓ బోల్టు నేను కూడా బిగించానని రాసుకోవడం నాకు గర్వంగానే వుంది.

రెండోసారి పెద్దాయన కర్ర నా చేతికిచ్చి, ముందు సీటులో ఎక్కి కూర్చున్నాడు. వద్దంటే వినలేదు. జీపు మెల్లగా, మనిషి నడిచేంత వేగంతో బోదెలోకి దిగింది. ముందు చక్రం గట్టు ఎక్కింది. వెనక చక్రం పల్లంలోకి దిగింది. అలా బండి మెలితిరిగి నిలబడిన క్షణంలో, "ఆపు" అన్నాడు పెద్దాయన.

మా వాడు ఆపాడు. ఆయన దిగాడు. నేను పరుగెత్తి చెయ్యి అందించాను. బురదలోకి దిగి వెనక్కి వెళ్ళి, పల్లంలో వున్న ఆ చక్రం దగ్గర వంగి, చక్రానికీ నేలకీ మధ్య వేళ్ళు పెట్టి చూశాడు. వేళ్ళు పట్టలేదు. మళ్ళీ చూశాడు.

"నేల వదల్లేదురా" అన్నాడు.

ఎవ్వరమూ మాట్లాడలేదు. ఆయన గట్టెక్కి, "ఇక పోనీ" అన్నాడు. జీపు ఎగరకుండా, దడదడలాడకుండా, ముసలి ఎద్దు గట్టెక్కినట్టు నెమ్మదిగా అవతలికి ఎక్కేసింది.

కాస్సేపయాక ఆయన అడిగాడు. "ఆనాడు ఇది వుంటే నేను వెళ్ళి వుండేవాణ్ణా?" అవునని ఒక్క మాట అంటే పోయేది. కాని మా వాడు తొణక్కుండా, "బోదె దాటేవాడివి తాతయ్యా. ఆ తరువాత మూడు మైళ్ళ బురద వుంది. అంత లోతు బంకమట్టిలో ఏ లింకులూ అక్కరకి రావు. పడవ కావలసిందే" అన్నాడు.

పెద్దాయన చాలాసేపు సముద్రం వినిపించే వైపు చూశాడు. "అంతే లే. నేనూ అదే అనుకునేవాణ్ణి" అన్నాడు. ఆ మాటలో ఏదో బరువు దింపుకున్నట్టు నాకు తోచింది. నేను పొరబడి వుండవచ్చు. కాని తిరుగు దారిలో ఆయన, నేను చూడగా మొదటిసారి, తన చెల్లెలి పేరు చెప్పి, ఆవిడ చిన్నప్పుడు ఈ బోదెల్లో పీతలు పట్టిన కథ చెప్పి నవ్వాడు.

మా వాడు ఆగస్టులో హైదరాబాదు వెళ్ళి ఉద్యోగంలో చేరాడు. జీపు ఆ చవుడు నేల దగ్గర రేకుల పాకలో వుంది. మేస్త్రి మాత్రం కొత్త బెజ్జాల మాట విని, "చెప్పానా?" అని ఒక్కసారే అన్నాడట. పెద్దరికం అంటే అది.

ఇంటికి వచ్చాక మా ఆవిడ మళ్ళీ ఆ ప్రశ్నే వేసింది: "ఇంతకీ బండి బాగై ఎక్కడి దాకా వెళ్ళింది?"

"బోదె అవతలి గట్టు దాకా" అన్నాను.

"అంతేనా?" అంది, పులిహోర గిన్నె అందుకుంటూ.

అంతే. నాలుగు గజాలు వుంటుంది. దానికి నలభై యేళ్ళు పైగా పట్టింది.